వంగాల్సిన చట్రం

మా తమ్ముడు పోయిన మూడో నాడు, వాడికి ట్రాక్టర్ అమ్మిన షాపు నుంచి ఒక మనిషి పరామర్శకు వచ్చాడు. గరిడేపల్లి దగ్గర మా ఊళ్ళో, ఇంటి ముందు వేసిన షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ముందు బరువులు పెట్టుకుని ఉంటే ఇట్లా జరిగేది కాదన్నాడు. ట్రాక్టర్ ముక్కు లేవకుండా బానెట్ ముందు ఇనుప దిమ్మెలు బిగించుకోమని తాము అందరికీ చెబుతామనీ, రైతులే వినరనీ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మా పెద్దనాయన వరస ఆయన ఒకరు, ఆ గడియ అట్లా రాసిపెట్టి ఉంది, ఎవరేం చేస్తారు అన్నాడు. నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ దిగలేదు.

జరిగింది ఇది. నాట్లకు ముందు తమ్ముడు పొలం దమ్ము చేస్తున్నాడు. బురదలో పట్టు కోసం వెనక చక్రాలకు ఇనుప కేజీవీల్స్ బిగించి ఉన్నాయి. మడి మూలన అవి కూరుకుపోయాయి. బయటికి తీద్దామని ఇంజన్ రేజ్ చేశాడు. చక్రాలు కదలలేదు. కదలని చక్రాల చుట్టూ ట్రాక్టరే తిరిగింది. ముక్కు పైకి లేచి, వెనక్కి పల్టీ కొట్టి, స్టీరింగ్‌కూ బురదకూ నడుమ వాణ్ణి అదిమేసింది. పక్క మడిలో నారు పీకుతున్న ఆడవాళ్ళు కేకలు వేసుకుంటూ వచ్చేలోపే అంతా అయిపోయింది. మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు గానీ అది మన తృప్తి కోసం.

నేను అప్పుడు సూర్యాపేట బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేదాన్ని. నా పీహెచ్‌డీ లోహాలు శాశ్వతంగా రూపు మారడం మీద. రేకును అచ్చులో పెట్టి నొక్కితే గిన్నె అవుతుంది కదా, ఆ నొక్కుడులో రేకు ఎక్కడ సాగుతుంది, ఎక్కడ పలచబడుతుంది, ఎక్కడ చిరుగుతుంది అనేది ముందే కంప్యూటర్లో లెక్కగట్టి చూపడం నా పని. కొంచెం వంగి, వదిలేయగానే మళ్ళీ మొదటికి వచ్చే ఇనుము లెక్క సులువు. బాగా వంగి అట్లాగే ఉండిపోయే ఇనుము లెక్క కష్టం. వంగుతున్న కొద్దీ దాని ఆకారం మారుతుంది, ఆకారంతో పాటు బరువు పడే తీరు మారుతుంది, ఇంతకుముందు ఎంత వంగిందో దాన్నిబట్టి ఇకముందు ఎంత మొరాయిస్తుందో కూడా మారుతుంది. ఇనుముకు తన మీద జరిగినదంతా గుర్తుంటుంది. లెక్క వేసేవాళ్ళు ఆ గుర్తును అడుగడుగునా మోసుకుంటూ పోవాలి.

ట్రాక్టర్ సీటు వెనక, మనిషి తలకంటే ఎత్తుగా నిలబడే ఇనుప చట్రం ఒకటి ఉంటుంది. బండి బోర్లాపడితే ఆ చట్రం నేలకు తగిలి వంగుతుంది. పడ్డ దెబ్బలోని శక్తిని ఆ వంగడంలోనే మింగేసి, సీటు చుట్టూ మనిషి పట్టేంత జాగా మిగులుస్తుంది. చాలా దేశాల్లో అది లేని ట్రాక్టర్‌ను అమ్మనివ్వరు. మన దగ్గరే తయారై ఆ దేశాలకు పోయే ట్రాక్టర్లకు దాన్ని బిగించే పంపుతారు. మా తమ్ముడి ట్రాక్టర్‌కు నీడ కోసం రేకు టాపు ఉంది, పాటల కోసం స్పీకర్లు ఉన్నాయి. చట్రం లేదు.

షాపు మనిషి మాట్లాడి ముగించాక నేను అడిగాను.

"మీ షాపుల సీటు వెనక ఫ్రేము అమ్ముతరా?"

"అడిగినోళ్ళు ఎవరూ లేరు మేడం."

"అసొంటిది ఒకటి ఉంటదని మీరు చెప్తె కద అడిగేది. ముందు బరువులు పెట్టుకోలేదని చచ్చినోన్ని అంటున్నరు. ఫ్రేము సంగతి ఒక్కనికన్న చెప్పిన్రా?"

ఆయన లేచి, అమ్మకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. పరామర్శకు వచ్చినవాళ్ళతో తగువేంటని మా మేనమామ నన్ను లోపలికి తీసుకుపోయాడు. చదువుకున్నదానివి, ఓపిక పట్టాలి అన్నాడు. చదువుకున్నాను కాబట్టే ఓపిక పట్టలేకపోయాను.

దినాలు అయ్యాక అందరూ ట్రాక్టర్ అమ్మేయమని మరదలికి చెప్పారు. అరిష్టమన్నారు. మరదలు అమ్మలేదు. బురద కడిగించి, వంకరపోయిన స్టీరింగ్ మార్పించి, పాలకీడు వైపు తండా నుంచి ఒక డ్రైవర్ను పెట్టుకుంది. ఊళ్ళో, చుట్టుపక్కల కిరాయికి దున్నకాలు మొదలుపెట్టింది. ఆ సంగతి తెలిసి నేను సూర్యాపేట నుంచి పోయి ఆమెతో గొడవపడ్డాను. అదే సీటు మీద ఇంకొకరి కొడుకును ఎట్లా కూర్చోబెట్టావని అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"నీకు నెల కాంగనె జీతమొస్తది వదినా. నాకు గా ట్రాక్టరు మీదనే పొయ్యి ఎలగాలె."

సీటు వెనక చట్రం నేనే చేయిస్తానన్నాను. అది తయారయ్యేదాకా దమ్ములోకి దించొద్దని మాట తీసుకున్నాను. మెట్ట దుక్కులకే పంపుతానంది. నన్ను నమ్మి కాదు, నా నోరు మూయించడానికి.

ఆ ఎండాకాలం సెలవులంతా కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్నాను. తమ్ముడి ట్రాక్టర్ కొలతలన్నీ తీసుకుని వెనక ఇరుసు, సీటు, స్టీరింగ్ కంప్యూటర్లో నిలబెట్టాను. సీటు మీద ఒక మనిషి జాగాను గీసుకున్నాను. ఆ జాగా తమ్ముడి ఎత్తుకే గీశాను. మొదట బాగా మందం పైపు పెట్టి చూశాను. చట్రం వంగలేదు. వంగకపోవడంతో దెబ్బంతా కిందికి దిగి, ఇరుసుకు బిగించిన బోల్టులు తెగిపోయాయి. పైపు పలచన చేస్తే అతిగా వంగి మనిషి జాగాలోకి వచ్చింది. ఇంకా పలచన చేస్తే మరో ముచ్చట బయటపడింది. పైపు వంగే చోట గుండ్రతనం పోయి చప్పబడుతుంది. చప్పబడ్డ పైపుకు నిలబడే సత్తువ ఉండదు, అక్కడే మడతపడుతుంది. పచ్చి బొప్పాయి కాడను వంచినట్టు. చట్రం ఒరిగిన కొద్దీ బండి బరువు దాన్ని ఇంకా ఇంకా కిందికి నొక్కుతుంది. రూపు మారడాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఈ రెండూ కనిపించవు. పైపు గుండ్రంగా, నిటారుగానే ఉందనుకుని కంప్యూటర్ లెక్క వేస్తూ పోతుంది, అంతా భేషుగ్గా ఉందంటుంది.

అటు మందానికీ ఇటు పలచనకూ నడుమ ఒక పైపు దొరికింది. వంగుతుంది, కానీ మనిషి దాకా రాదు.

చట్రం చేయించడానికి కోదాడ పోయాను. హైవే పక్కన లారీ బాడీలు కట్టే వెల్డర్ ఒకాయన మా తమ్ముడికి ట్రాలీ చేసి ఇచ్చాడు. మంచి పనిమంతుడు, అంతకు మించిన మొండివాడు. నా డ్రాయింగ్ చూసి, ఇది వంగుద్దండీ అన్నాడు. వంగడానికే చేస్తున్నామని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. షెడ్డులో పడి ఉన్న బైండింగ్ వైరు ముక్క తీసి, ఒకే చోట అటూ ఇటూ వంచి చూపించాను. మొదటిసారి మెత్తగా వంగుతుంది, రెండోసారి గట్టిపడుతుంది, ఆ తర్వాత తెగుతుంది. మొదటి వంపులో ఉన్న మెత్తదనమే మనకు కావాలి, మనిషిని కాపాడేది అదేనని చెప్పాను. సరే సరే అన్నాడు.

చట్రం సిద్ధమైందని ఫోన్ చేస్తే, మరదలూ డ్రైవరూ నేనూ కోదాడ పోయాం. పాత ట్రాక్టర్ ఇరుసు ఒకటి కాంక్రీటులో పాతించి, దానికి చట్రం బిగించి ఉంది. చైన్ పుల్లీతో వెనక నుంచి లాగాలి, ఎంత లాగుతున్నామో చూపడానికి కాలేజీ నుంచి తెచ్చిన లోడ్ సెల్ ఉంది. సీటు ఉండాల్సిన చోట వరి ఊక కుక్కిన గోనెబస్తాను మనిషి ఎత్తుకు నిలబెట్టాం. గొలుసు బిగుసుకుంది. చట్రం కొద్దిగా వంగి ఆగింది. ఇంకా లాగారు. తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చి, పైపు కీలు దగ్గర చీలి, సగం చట్రం గోనెబస్తా మీద పడింది. ఊక గాలికి లేచింది. మరదలు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని షెడ్డు బయటికి నడిచింది.

దగ్గరికి పోయి చూస్తే, కీళ్ళ దగ్గర నేను గీయని ముక్కోణపు పట్టీలు నాలుగు వైపులా వెల్డింగ్ చేసి ఉన్నాయి. ఎవరు పెట్టమన్నారని అడిగాను. బలానికి పెట్టానన్నాడు.

"నేను చేసిన బండి ఏదీ ఇంతవరకూ వంగలేదండీ మేడం. వంగితే ఈ రోడ్డు మీద నా పరువు ఉంటదా?"

"నీ పరువు కింద మనిషి నలిగిండు, సూడు" అని గోనెబస్తా చూపించాను.

చాలా మాటలన్నాను. అందులో కొన్ని అనకుండా ఉండాల్సింది అని మరదలు తర్వాత అంది. నాకు అట్లా అనిపించలేదు. ఆ రోజు ఆయన పని ఆపేసి వెళ్ళిపోయాడు. నేను సూర్యాపేట వచ్చి ఆ పట్టీలను కూడా లెక్కలో పెట్టి చూశాను. పట్టీ ఉన్నంత మేర పైపు కదలక, వంగాల్సిన వంపంతా పట్టీ అంచు దగ్గర వేలెడు జాగాలో పోగుపడింది. తెరమీద ఆ వేలెడు మేరా ఎర్రగా మండుతూ ఉంది. ఆ బొమ్మ ప్రింటు తీసుకుని మళ్ళీ కోదాడ పోయాను. ఆయన టీ తెప్పించాడు. బొమ్మను చాలాసేపు చూశాడు. ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు గానీ, రెండో చట్రానికి పట్టీలు పెట్టలేదు.

రెండోసారి లాగినప్పుడు చట్రం మూలుగుతూ వంగింది. పైపు మీది రంగు పొలుసులు పొలుసులుగా రాలింది. గొలుసు లాగుతున్న కొద్దీ వంగుతూనే ఉంది, చీలలేదు, చప్పబడలేదు. గోనెబస్తా తలకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్ పోయి ఆ సందులో చెయ్యి పెట్టి చూసి వచ్చాడు. వెల్డర్‌కు మాత్రం తన చేతి పని వంకరపోయి నిలబడటం నచ్చలేదు. సాయంత్రంలోగా తీసుకుపొమ్మన్నాడు, దారిన పోయేవాళ్ళు చూస్తున్నారని.

అట్లాంటిదే ఇంకొకటి చేయించి, సీటు బెల్టుతో సహా తమ్ముడి ట్రాక్టర్‌కు బిగించాం. తుమ్మకొమ్మలు తగులుతున్నాయని డ్రైవర్, కొట్టం రేకులు తగులుతున్నాయని మరదలు సణిగారు. బెల్టు పెట్టుకుంటే చిన్నపిల్లాణ్ణి కట్టేసినట్టు ఉందని తోటి డ్రైవర్లు నవ్వుతున్నారట. నేను ఫోన్ చేసినప్పుడల్లా బెల్టు సంగతి అడిగి తిట్టేదాన్ని. నా తిట్లు తప్పించుకోవడానికి డ్రైవర్ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

చట్రం ఫోటోలు వాట్సాప్‌లో తిరిగి మా కాలేజీ కరస్పాండెంట్ దాకా చేరాయి. ఆయనది తరాలుగా భూములున్న కుటుంబం. మిల్లు ఉంది, కాలేజీ ఉంది, ఎన్నికలప్పుడు పార్టీ కండువా కూడా ఉంటుంది. నన్ను పిలిచి మెచ్చుకున్నాడు. మిర్యాలగూడలో ట్రాక్టర్ సామాన్లు అమ్మే వ్యాపారి ఒకాయన ఈ చట్రాలను ఊరూరా అమ్ముతాడట, కాలేజీ పరీక్షించినట్టు ఒక రిపోర్టు ఇస్తే చాలట. నాకు నిజంగా సంతోషం వేసింది. తమ్ముడు పోయాక కోపం లేకుండా గడిచిన రోజులు ఏవైనా ఉంటే అవే. డ్రాయింగులన్నీ ఇచ్చేశాను.

కొన్నాళ్ళకు రిపోర్టు నా బల్ల మీదికి సంతకం కోసం వచ్చింది. మా డిపార్ట్‌మెంట్‌లోనే ఇంకో లెక్చరర్ తయారుచేశాడు. అట్ట మీద రంగుల బొమ్మ. చట్రమంతా నీలం, ఆకుపచ్చ. ఎక్కడా ఎరుపు లేదు. లోపల పైపు కొలతలు చూస్తే అవి నావి కావు. గేట్లకు, మంచాలకు వాడే పలచని పైపు. ఆ పైపు ఏమవుతుందో ఎండాకాలమే చూసి ఉన్నాను కాబట్టి, లెక్చరర్ దగ్గరికి పోయి ఫైలు తెరిచి చూపమన్నాను. సాఫ్ట్‌వేర్‌లో రూపు మారడాన్ని లెక్కలోకి తీసుకోవాలా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. అది ఖాళీగా ఉంది. ఎందుకని అడిగితే, ఆ గడి నింపితే లెక్క ముగియడం లేదు మేడం, మధ్యలో ఆగిపోతున్నది అన్నాడు.

లెక్క ఆగిపోవడమంటే చట్రం మడతపడిపోతున్నదని అర్థం. అది అతనికీ తెలుసు. అతని ముందే ఆ గడి నింపి, చిన్న చిన్న అడుగుల్లో లెక్క నడిపించాను. పైపు వంగింది, చప్పబడింది, రెండుగా మడతపడి సీటు మీదికి వచ్చేసింది. అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

ల్యాప్‌టాప్ పట్టుకుని కరస్పాండెంట్ గదికి పోయాను. మిర్యాలగూడ వ్యాపారి కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరికీ రెండు బొమ్మలూ చూపించాను. ఆకుపచ్చ బొమ్మలో ఉన్నది జరగని సంగతనీ, ఈ పైపు కంటే ఏమీ లేకపోవడమే నయమనీ, ఏమీ లేనివాడు కనీసం జాగ్రత్తగా ఉంటాడనీ చెప్పాను. కరస్పాండెంట్ శాంతంగా విన్నాడు.

"రెండు లెక్కలు మన కంప్యూటరే ఇచ్చింది కద మేడం. మంచిగున్నది పెడదాం."

"సార్, రెండో దాంట్ల మనిషి చస్తున్నడు."

"ఎన్నడో ఒక్కసారి పడే ట్రాక్టర్ కోసం రైతు అంత మందం పైపు కొనడు. జర ప్రాక్టికల్‌గ ఆలోచించున్రి. మీ పేరు ముందట డాక్టర్ ఉన్నది, సంతకానికి విలువుంటది."

"ఆ డాక్టర్ ఈ గడి నింపుడు నేర్సుకున్నందుకే ఇచ్చిన్రు సార్. నేను పెట్టను."

వ్యాపారి నా వైపు చూడకుండా, మేడంకు తమ్ముడు పోయిన బాధలో అట్లా అనిపిస్తున్నది అన్నాడు. నేను చెప్పిన ప్రతి లెక్కనూ ఒక ఆడమనిషి దుఃఖం కింద కట్టి పక్కన పెట్టేయడానికి ఆ ఒక్క వాక్యం సరిపోయింది. ల్యాప్‌టాప్ మూసి బయటికి వచ్చాను. రిపోర్టు మీద ఆ లెక్చరర్ సంతకం పెట్టాడు.

మిర్యాలగూడ షాపుల్లో చట్రాలు వచ్చాయి. నిగనిగలాడే ఎర్ర రంగు, పరీక్షించబడినది అని తెల్లటి స్టిక్కర్. తెలిసినవాళ్ళతో ఒకటి కొనిపించి కోదాడ తీసుకుపోయాను. ఈసారి వెల్డర్‌కు నేను చెప్పాల్సిన పని లేదు. పైపును గోటితో కొట్టి చూసి మొహం చిట్లించాడు. అదే ఇరుసు, అదే గొలుసు, కొత్త గోనెబస్తా. ఇద్దరు కుర్రాళ్ళు తాపీగా లాగుతుంటేనే అది మడతపడి బస్తా మీద వాలింది. మరదలు ఫోన్లో వీడియో తీసింది. ఏ షాపు, ఎవరి చట్రం అనేది నేను చెప్పలేదు. ఈ మందం పైపు కొనొద్దని, లాగి చూపించి, కారణం చెప్పాను. ఆ వీడియో గరిడేపల్లి నుంచి వేములపల్లి దాకా రైతుల గ్రూపుల్లో తిరిగింది.

ఆ సెమిస్టర్ ముగిశాక నన్ను మళ్ళీ రావొద్దన్నారు. కారణం రాయలేదు, నోటితో కూడా చెప్పలేదు. ఇప్పుడు కోదాడలో వేరే కాలేజీలో పని చేస్తున్నాను, సూర్యాపేట నుంచి రోజూ బస్సు. మిర్యాలగూడ షాపుల్లో స్టిక్కర్ తీసేశారని విన్నాను. చట్రాలు మాత్రం తీసేయలేదు. రంగు మార్చారు.

తర్వాతి యాసంగి నాట్లకు ముందు, వేములపల్లి దగ్గర దమ్ముకు పోయిన మా డ్రైవర్ మడి నుంచి మడికి గట్టు ఎక్కిస్తుంటే కేజీవీల్స్ గట్టులో దిగబడి ట్రాక్టర్ వెనక్కి తిరగబడింది. మరదలు ఫోన్ చేసి, తిరగబడ్డది వదినా అని ఒక్కమాట చెప్పి ఏడ్చింది. బస్సు దిగి ఆటో పట్టుకుని నేను దవాఖానకు చేరేసరికి అతను మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, కట్టు కట్టారు. నన్ను చూసి లేవబోయాడు.

"తల కిందికి, కాళ్ళు మీదికి అయినయక్కా. బెల్టుకు యేలాడుతున్న. ఇంజను ఇంకా నడుస్తనే ఉన్నది. గా పైపులు మెల్లగ వంగుతుంటె సప్పుడు ఇనబడ్డది. ఇగ అయిపోయింది అనుకున్న. గాడికే ఆగింది."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. తమ్ముడు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. తండా నుంచి వచ్చిన అతని భార్య, తనే ఇంకా చిన్నపిల్ల, నన్ను ఓదార్చింది. వాళ్ళ దేవత దయ అన్నది. తల ఊపాను. ఎవరి దయ అయితే ఏమిటి, ఇడ్లీ తింటున్నాడు.

నెల తిరక్కముందే ఊరికి పోయాను. కొట్టం ముందు ట్రాక్టర్ కడిగి ఉంది. సీటు వెనక చట్రం నిటారుగా, పసుపు రంగు వేసి, ఎండలో మెరుస్తోంది. కొత్తది చేయించిందనుకుని సంతోషంగా దగ్గరికి పోయాను. వంగిన చోట పైపు మీద సుత్తిదెబ్బల సొట్టలు రంగు కింద నుంచి కనిపించాయి. మరదలు లోపలి నుంచి వచ్చి, వంగిందాన్ని మంట పెట్టి సక్కగా కొట్టించానని, మంచిగా చేశారని సంబరంగా చెప్పింది.

నాకు ఒళ్ళు తెలియలేదు.

"నీకు చెప్పలేదా? అది ఒక్కసారికే పనికొస్తది. ఉన్న సత్తువంత మొన్న వాణ్ణి కాపాడుట్లనె ఖర్సయింది. ఇప్పుడు అది ఉత్త పైపు."

"ఇరగలె కద వదినా. ఇనుమే కద. వంగింది, సక్కగయింది."

"సక్కగ కనబడుతది. సక్కగ కాదు."

"అన్ని నీకే తెలుస్తయి. దున్నకాలు మొదలైనయి, బండి నిలబెట్టి కూసుంటె ఎట్ల?"

బైండింగ్ వైరు సంగతి చెప్పాను. వంచి వెనక్కి వంచిన ఇనుము లోపల జరిగేదంతా చెప్పాను. మంట తగిలిన చోట ఏమవుతుందో చెప్పాను. ఆమె వింటూనే ఉంది గానీ చూపు నిటారుగా నిలబడ్డ చట్రం మీదే ఉంది. కంటికి కనిపిస్తున్న దానికంటే నా మాట ఎక్కువెట్లా అవుతుంది? మర్నాడు వేరే డ్రైవర్ను పెట్టి దాన్ని దమ్ముకు పంపుతుందని నాకు అర్థమైంది. ఊళ్ళో గ్రిల్లు పనులు చేసే అతని దగ్గరికి పోయి గ్యాస్ కట్టర్ పట్టుకుని రమ్మన్నాను. మరదలు ట్రాక్టర్‌కు అడ్డం నిలబడింది. ఇది నా ట్రాక్టర్ అన్నది. ట్రాక్టర్ నీదే, చట్రం నాది అన్నాను. వీధిలో జనం పోగయ్యారు. చట్రం బోల్టులు ఊడదీసి, కిందికి దించి, మళ్ళీ ఎవరూ అతికించడానికి వీలులేకుండా ముక్కలు ముక్కలుగా కోయించాను.

మరదలు ఒక ముక్క తీసి నా ముందుకు విసిరింది.

"ఏది, సూపెట్టు. ఏడ చెడిపోయింది?"

ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాను. కోసిన అంచు శుభ్రంగా ఉంది. చీలిక లేదు, పగులు లేదు. మామూలు కంటికి కనిపించేది ఏదీ అందులో లేదు. చెడిపోయిందని నాకు తెలుసు, చూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఆ మాటే చెప్పాను. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

కొత్త చట్రం కోదాడ నుంచి వచ్చేదాకా ట్రాక్టర్ నిలబడే ఉంది. ఆ నాట్లకాలమంతా మరదలు నాతో మాట్లాడలేదు. అమ్మ ఫోన్లో, నీ కోపం నిన్నే తింటుంది బిడ్డా అన్నది. తిననీ అన్నాను.

భుజం కుదిరాక డ్రైవర్ మళ్ళీ పనిలోకి వచ్చాడు. మొన్న ఫోన్ చేసి, తండాలో ఇంకొందరు చట్రాలు అడుగుతున్నారని, కాకపోతే వాళ్ళకు వంగనిది కావాలట, గట్టిది, అని చెప్పాడు. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. అంతా విని, అతను నవ్వాపుకుంటూ, నువ్వే వచ్చి చెప్పక్కా, నేను చెప్తె ఇంటలేరు అన్నాడు. వచ్చే ఆదివారం పాలకీడు పోతున్నాను. బైండింగ్ వైరు చుట్ట ఒకటి కొని సంచిలో పెట్టుకున్నాను.